నాలుగు కవర్లు తక్కువ

అక్టోబరు 27, 1985
ఆదివారం మధ్యాహ్నం

మీనాక్షక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ ముగ్గురమూ వేళకింత తిని పనులు చేసుకుంటున్నాము కనుక క్షేమమనే అనుకో. నీ మోకాలు మెట్లెక్కనిస్తున్నదనీ, బావ తీపి మానేశాడనీ నువ్వు రాస్తే మాకూ నిమ్మళంగా ఉంటుంది. నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. రోజూ కాగితం తీసి తేదీ వేస్తున్నాను, మళ్ళీ మడిచి పెడుతున్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

నీ మరదలు నాగమణికి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ తీసేశారు. పొద్దున ఏడింటికి వెళ్ళి మూడున్నరకి వస్తుంది. నీ మేనకోడలు జయంతి నాలుగో తరగతికి వచ్చింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో ఇస్తుంది. చలి మొదలయ్యేసరికి దానికి మళ్ళీ పిల్లికూతలు పట్టుకున్నాయి. డాక్టరు మందు మార్చాడు. నువ్వు చెప్పిన వాము పొగ వేయలేదు. ఇక్కడ ఇంట్లో కొంచెం పొగ లేస్తే చాలు, కప్పుకి బిగించిన గంట మోగి వీధివీధంతా బయటికొస్తుంది.

నా ఉద్యోగం అదే, మందుల గోడౌనులో పెట్టెల లెక్క. "నోటుబుక్కు ఇంక రాస్తున్నవా, బందు పెట్టినవా" అని అడిగావు. రాస్తున్నాను. డబ్బు సంగతి నాగమణి చూసుకుంటుంది. నా పుస్తకంలో ఉండేవి వానా ఎండా, నీళ్ళ మీటరు అంకె, పొయ్యి గ్యాసు అంకె, ఏ రోజు ఎంత చెత్త బయట పెట్టామో ఆ బరువు. ఇవి రాయకపోతే ఆ రోజు ఎక్కడో జారి పడిపోయినట్టుంటుంది నాకు. ఈ కథంతా ఆ పుస్తకం తెచ్చిపెట్టిందే.

"చెత్తకు గూడ మీటింగులు పెడ్తరారా? ఊడ్చి అవతల పారేస్తె అయిపాయె గదా" అని రాశావు. ఆ అవతల నిండిపోయిందక్కా. మా టౌన్ చెత్తంతా ముప్ఫై ఏళ్ళుగా పోస్తున్న గుంట ఇప్పుడు గుట్టయింది. వచ్చే ఏడు మూసేయాలని పైవాళ్ళు చెప్పారు. ఇక దారులు రెండే. ఒకటి, చెత్తను కాల్చే పెద్ద కొలిమి కట్టడం. దానికి చూసిన జాగా జయంతి బడి వెనకాల, మధ్యలో ఒక చిన్న కాలువ అడ్డం, అంతే. రెండోది, పాత పేపర్లు, సీసాలు, డబ్బాలు జనం ఇంట్లోనే వేరు చేసి ఇస్తే వాటిని మళ్ళీ కాగితంగా, గాజుగా చేసేవాళ్ళకి పంపించి, మిగిలిన కొంచెం చెత్తను వేరే ఊరి గుంటకి తోలడం. కౌన్సిల్లో డోలన్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన కొలిమి పక్షం. రెండో దారి మిసెస్ హార్పర్‌ది. ఆమె టౌన్ ఆఫీసులో పనిచేస్తుంది. రిటైరైన టీచరు, గట్టి మనిషి.

జనం చేస్తారా చేయరా అన్నదే తగాదా. అందుకని ఆగస్టులో ఆరు వీధులు ఎంచి, ఇంటికో నీలం బకెట్టు ఇచ్చి, చేసి చూడమన్నారు. వీధికొక మనిషి శనివారం శనివారం తూకం వేసి రాయాలి. ఇంటికి సగటున వారానికి పదిహేను పౌండ్లు వస్తే టౌన్ అంతటా పెడతారు, రాకపోతే కొలిమి. పౌండంటే మన అరకిలోకి కొంచెం తక్కువ.

మా వీధిలో ఇరవై నాలుగు వరస ఇళ్ళు. పద్నాలుగు మన దేశం వాళ్ళవి, అందులో తొమ్మిది తెలుగిళ్ళు. మిసెస్ హార్పర్ బకెట్లు పంచడానికి వచ్చిన రోజు నేను మీటరు అంకె రాసుకుంటున్నాను. పుస్తకం చూపించమంది. నాలుగు పేజీలు తిప్పింది. "నాకు కావలసిన మనిషివి నువ్వే" అంది. నా గురించి అంత మాట, మనూళ్ళో మన కవర్లు కొనే దామోదర్ సేఠ్ తర్వాత ఎవరూ అనలేదు. ఒప్పుకున్నాను. కోటుకి పెట్టుకొమ్మని 'వీధి కెప్టెన్' అని రాసిన బిళ్ళ ఒకటి ఇచ్చింది.

మొదటి శనివారం మా వీధి తూకం ఇంటికి నాలుగు పౌండ్లు. రెండో వారం నాలుగు, మూడో వారం మూడున్నర. పక్క వీధివాళ్ళు పంతొమ్మిది. నాకు తల తిరిగిపోయింది. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. తెనాలి నుంచి వచ్చిన నళినిగారింట్లో వంటింటి అల్మారా తెరిచి చూపించారు. నాలుగు వరసల సీసాలు, పప్పులు, పొడులు, ఆవకాయ.

"చూడండి అన్నయ్యగారూ, జామ్ సీసా, కాఫీ సీసా, ఇదేమో ఆలివ్స్ సీసా. ఇంత చక్కటి సీసాలు పారేయడానికి చేతులెలా వస్తాయండీ వీళ్ళకి?"

కొండల్ రావు మా పక్కిల్లే, వరంగల్లు వాడు, ఏదో కంపెనీలో కెమిస్టు. వాణ్ణి పాత పేపర్లు ఏవని అడిగాను.

"కొంటె కదన్నా పాతబడేటందుకు! ఆఫీస్‌ల ఫ్రీగ చదువుకొనొస్త."

పాల డబ్బాల్లో నూనె, రొట్టె సంచుల్లో కొత్తిమీర. ఎవరింటికి వెళ్ళినా అదే. మా ఇల్లూ అంతే. నా బకెట్టులో ఆ వారం రెండు డబ్బాలు పడ్డాయి.

లైబ్రరీ గోడకి పెద్ద బోర్డు పెట్టి ఆరు వీధుల పేర్లూ తూకాలూ వరసగా రాశారు. మాది అడుగున ఉంది. సెప్టెంబరు మీటింగులో డోలన్ ఆ బోర్డు వైపు చెయ్యి చూపించి, "ఆ వరస ఇళ్ళవాళ్ళు మన ఊళ్ళో నిద్రపోతారంతే, ఊరితో వాళ్ళకేం పని" అన్నాడు. నేను చివరి వరసలో ఉన్నాను. ఎదురు చెప్పడం నాకు రాదని నీకు తెలుసు.

ఆ వారమే జయంతి క్లాసును లైబ్రరీకి తీసుకెళ్ళారట. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"నాన్నా, మన స్ట్రీట్ లాస్ట్. వై ఆర్ వీ లాస్ట్?"

"మనం ఎక్కువ వాడం కదమ్మా."

"మా క్లాస్ కెవిన్ చెప్పాడు, యువర్ స్ట్రీట్ ఈజ్ డర్టీ అని. డర్టీనా మనం?"

అక్కా, ఇప్పుడు రాసేది నాగమణికి కూడా చెప్పలేదు.

మా గోడౌనులో పెట్టెల మధ్య కూరడానికి పాత పేపర్లు కట్టలు కట్టలుగా వస్తాయి. మిగిలినవి ఎవరు పట్టుకెళ్ళినా అడగరు. ఆ శుక్రవారం కారు డిక్కీ నిండా వేసుకొచ్చాను. శనివారం అందరికంటే ముందు లేచి మా వీధి కుప్పలో కలిపి తూచాను. రెండు వందల పౌండ్లు. పుస్తకంలో మా వీధి పేరు కింద రాశాను. వచ్చే వారం మళ్ళీ తెచ్చాను. ఇన్నేళ్ళలో నేను చేత్తో రాసిన తప్పుడు అంకెలు ఆ రెండే.

బోర్డు మీద మూడో స్థానానికి వచ్చాము. నేను అక్కడితో ఆపేశాను, కానీ వీధి ఆగలేదు. కొండల్ రావు పొద్దున్నే తలుపు కొట్టాడు.

"యాదన్నా, థర్డ్‌కొచ్చినం! ఆ డోలన్‌గాడు నోరు మూసుకోవాలె. నెక్స్ట్ ఫస్ట్ కొట్టాలె!"

ఎవరు ఎక్కువ ఇచ్చారో ఎవరికీ తెలియదు. పక్కింటివాళ్ళు తమకంటే ఎక్కువ ఇచ్చి ఉంటారని అందరూ అనుకున్నారు. ఇక మొదలైంది. ఆదివారం పేపరు ఇక్కడ చంటిపిల్లంత బరువుంటుంది. కొండల్ రావు మూడు ప్రతులు కొంటున్నాడు.

"మూడూ చదువుతున్నావా?" అని అడిగాను.

"చదువుడెందుకన్నా? తూకానికి!"

పిల్లలకి పాలకి బదులు సోడాలు, కోకులు. సీసా ఖాళీ అయ్యేదాకా తల్లులు దగ్గర నిలబడి తాగిస్తున్నారు. నళినిగారు అల్మారా ఖాళీ చేసేశారు. "సీసాలన్నీ బయట పెట్టేశానండీ. ఆవకాయ కోసం ప్లాస్టిక్ డబ్బాలు కొత్త సెట్ కొన్నాను. మీ మాట పోకూడదు కదా అన్నయ్యగారూ" అన్నారు. నా మాట! నేనేమీ అనలేదే అక్కా. రెండు అంకెలు రాశానంతే.

కౌన్సిల్ చూసే ఈ ఆఖరి ఆరు వారాల సగటు తీస్తే ఇప్పుడు మా వీధి ఇంటికి ఇరవై మూడు పౌండ్లు. అన్నిటికంటే మేమే ముందున్నాము. ఫస్ట్ వచ్చిన మొదటి వారమే ఆ సంతోషం నీకు రాసిన మాట నిజమే, పోయిన ఉత్తరంలో. దానికి నువ్వు ఏం రాశావో చూడు. కాగితం పక్కనే పెట్టుకుని రాస్తున్నాను:

"ఫస్ట్ వచ్చినమని రాసినవు. దేంట్ల ఫస్టురా? ఎక్కువ పారేసుట్లనా? గంత కాగితం మీ ఇండ్లల్లకు యాడికెల్లి వస్తున్నది?"

పదిహేను రోజుల నుంచి ఆ వాక్యం నాతో పాటు గోడౌనుకు వచ్చి పోతున్నది.

నీ ఉత్తరం అందిన రోజు నోటుబుక్కు వెనక పేజీలు తీశాను. బకెట్టు తూకంతో పాటు, సోమవారం లారీ వచ్చే ముందు మిగతా చెత్త సంచులు కూడా కొక్కెం కాటాకు తగిలించి తూచడం నాకు మొదటినుంచీ అలవాటు. ఎవరూ తూచమనలేదు. "యాదన్న ఇయ్యాల చెత్త తూస్తుండు, రేపు మనల్ని తూస్తడు" అని కొండల్ రావు నవ్వేవాడు. ఆగస్టులో మా వీధి గుంటకు పంపింది వారానికి ఇంటికి ముప్ఫై మూడు పౌండ్లు. టౌన్ మొత్తం మీద ఇంటికి డెబ్బై ఒకటని మిసెస్ హార్పర్ కాగితంలోనే ఉంది. ఆఖరున ఉన్నప్పుడు మేము సగం కూడా పారేయలేదు. మొదటి స్థానానికి వచ్చాక మాది నలభై ఆరుకు పెరిగింది. సోడాల అట్టపెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాల మూటలు, ఇంకా ఏమేమో.

ఎల్లుండి మంగళవారం కౌన్సిల్ తీర్మానం. నన్ను పిలిచి సర్టిఫికెట్ ఇచ్చి రెండు మాటలు మాట్లాడమంటారట. మా ఇరవై మూడు తీసేసి అసలు నాలుగు పెడితే ఆరు వీధుల సగటు పన్నెండుకు పడిపోతుంది. పదిహేను కావాలి. అంటే నేను నోరు విప్పితే కొలిమి వస్తుంది. జయంతి బడి వెనక. దాని ఛాతీలో ఇప్పుడే ఆ కూత వినిపిస్తున్నది, పక్క గదిలో బొమ్మలు వేసుకుంటున్నది. నేను నోరు మూసుకుంటే ఊరు బాగుపడుతుంది, ఎవరికీ నష్టం లేదు అని ఒక మనసు అంటుంది. ఈ లెక్క చూసి వాళ్ళు లారీలు కొంటారు, మనుషుల్ని పెడతారు, ఏడాది తర్వాత అంత కాగితం రాకపోతే మొత్తం ఎత్తేస్తారు, అప్పుడు కొలిమీ వస్తుంది, మాటా పోతుంది అని ఇంకో మనసు. నాగమణి అన్నం దగ్గర "ఏంది, మెతుకులు లెక్కపెడుతున్నవా" అని రెండుసార్లు అడిగింది.

చిన్నప్పుడు మనం కొట్టు సామానుకి కాగితం కవర్లు చేసిన రోజులు గుర్తొస్తున్నాయి. పాత పేపర్లు మడిచి, మైదా పిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు రాసి, గోడ వారన ఎండబెట్టి, వందేసి కట్టలు కట్టేవాళ్ళం. బడికి పోకున్నా నాకు అక్షరాలు అక్కడే వచ్చాయి. ఉర్దూ పేపరైతే గబగబ మడిచేవాణ్ణి. తెలుగు పేపరొస్తే బొమ్మ కింద మాట చదివేదాకా మడిచేవాణ్ణి కాదు, నువ్వు తొడ మీద గిల్లేదానివి. ఒక రోజు ఆటకి తొందరై తొంభై ఆరే పెట్టి కట్ట కట్టేశాను. నువ్వు బొటనవేలితో కట్ట అంచు గీరి, ఆ చప్పుడుతోనే పట్టుకున్నావు. అప్పటికే కట్ట దామోదర్ సేఠ్ కొట్టు ముందరికి చేరింది. "నాలుగు తక్కువున్నయని నువ్వే లోపలికి పోయి చెప్పు. నేను రాను" అని నువ్వు బయట నిలబడ్డావు. నాకు తొమ్మిదేళ్ళు.

ఈ ఉత్తరం ఇప్పుడు పోస్టు చేయను. మంగళవారం దాటాక మిగతాది రాస్తాను.

అక్టోబరు 30, బుధవారం సాయంత్రం

అక్కా, హాలు నిండా జనం. మా వీధివాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. నళినిగారు పట్టుచీర కట్టుకొచ్చారు. నా పేరు పిలిస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది జయంతి. నాగమణికి ఇంట్లోనే చెప్పాను, కారు ఎక్కే ముందు. తాళంచెవులు అందుకుని, "చెప్పేదుంటే తొందరగ చెప్పు. నానబెట్టకు" అంది.

మైకు ముందు నిలబడితే నాకు వచ్చిన ఇంగ్లీషు కూడా పోయింది. పుస్తకం తెరిచి అదే చదివాను. ఫలానా తేదీ, ఫలానా తేదీ, ఈ రెండు అంకెలు నావి, నేను గోడౌను నుంచి తెచ్చిన కాగితం, మా వీధిది కాదు. ఆ తర్వాత నాలుగు వారాలది తూకం నిజమే గానీ, నన్ను చూసి మా వాళ్ళు కొని పారేసింది. తప్పు నాది, వాళ్ళది కాదు.

డోలన్ కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఈ లెక్కలన్నీ వండినవే అన్నమాట" అన్నాడు.

అప్పుడు కొండల్ రావు లేచాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు. "సర్, సండే పేపర్, త్రీ కాపీస్, ఎవ్రీ వీక్! ఐ డిడ్ నాట్ రీడ్ వన్ పేజ్!" అని గట్టిగా అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది, ఒక్క మిసెస్ హార్పర్ తప్ప. ఆమె బల్ల మీద కాగితాలు చూస్తూ ఉంది.

నవ్వు ఆగాక వెనక నుంచి ఒక ముసలాయన, పక్క వీధి పంతొమ్మిది పౌండ్ల వాళ్ళలో ఒకడు, అడిగాడు: "మరి మీరు ఏమీ కొనకముందు గుంటకి ఎంత పంపేవాళ్ళు?"

వెనక పేజీ తిప్పి ముప్ఫై మూడు అని చదివాను. మొదటి స్థానానికి వచ్చాక నలభై ఆరు అని కూడా చదివాను. "మాది ఎంత?" అని ఆయన మిసెస్ హార్పర్‌ను అడిగాడు. ఆమె వీధివారీగా చెత్త సంచులు ఎవరూ తూయలేదంది. "తూయకుండా ఇంతసేపు దేని మీద కొట్లాడుతున్నాం?" అని ఆయన కూర్చున్నాడు.

తీర్మానం జరగలేదు. మూడు వారాలు వాయిదా వేశారు. ఈలోగా ఆరు వీధులవాళ్ళూ బకెట్టూ తూచాలి, చెత్త సంచీ తూచాలి, ఒక వీధి తూకానికి ఇంకో వీధివాళ్ళు సాక్షిగా నిలబడాలి. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. డోలన్ పక్షం బలంగానే ఉంది. కొలిమి రావచ్చు. వస్తే నా నోటి వల్ల వచ్చిందని చెప్పేవాళ్ళు ఉంటారు. ఆ భయం నాకు పోలేదు.

మెట్ల దగ్గర మిసెస్ హార్పర్ నా కోటుకున్న కెప్టెన్ బిళ్ళ తీసుకుంది. "ఆగస్టులో ఆ నాలుగు పౌండ్లు చూసి నువ్వు నా దగ్గరికి రావలసింది" అంది. నిజమే అన్నాను. కారెక్కి వెళ్ళిపోయింది.

జయంతి ఈ రోజు బడి నుంచి వచ్చి, "బోర్డ్ మీద మన రో లేదు నాన్నా, వైప్ చేశారు" అంది. నేనే చెరిపించానని చెప్పాను. "లాస్ట్ కంటే బెటరా, వర్సా?" అని అడిగింది. ఇంతలో పక్క వీధి ముసలాయన తలుపు కొట్టాడు. చేతిలో కొత్త నోటుబుక్కు, కొత్త కొక్కెం కాటా. సంచీ ఎలా తగిలించాలో చూపించమన్నాడు. జయంతే చూపించింది.

అక్కా, ఇంక ఒక్క మాట ఉంది. ఆదివారం రాయకుండా దాచాను.

ఆ రోజు నేను దామోదర్ సేఠ్‌కు చెప్పలేదు. నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన ఎవరితోనో, "ఈ పిలగాడు తెచ్చిన కట్ట లెక్కవెట్టే పనే లేదు, వందంటె వందే" అంటున్నాడు. ఆ మాట విన్నాను. కట్ట గల్లా పక్కన పెట్టి, బయటికొచ్చి నీతో "చెప్పిన" అన్నాను. నువ్వు నా తల నిమిరావు. ఆ మాట మీదే సేఠ్ నన్ను కొట్లో లెక్క రాయడానికి పెట్టుకున్నాడు. ఆ పనితోనే పుస్తకం అలవాటైంది. ఇన్నేళ్ళుగా రోజూ సరైన అంకెలు రాస్తూ వచ్చింది ఆ ఒక్క రోజు కోసమేనేమో.

నిన్న మైకు ముందు నిలబడ్డప్పుడు నువ్వు తలుపు బయట నిలబడ్డట్టే అనిపించింది.

ఈ ఉత్తరంతో పాటు నాలుగు కవర్లు పెడుతున్నాను. కొండల్ రావు చదవని ఆదివారం పేపరుతో నేనూ జయంతీ ఇప్పుడే చేశాము. మైలుతుత్తం దొరకలేదు, ఉత్త మైదా జిగురే. వంకరగా ఉన్నది దానిది. దామోదర్ సేఠ్ ఇప్పుడు లేడు కనుక కొట్లో ఆయన కొడుకు జగదీష్‌కి ఇవ్వు. ఎందుకని అడిగితే, యాదయ్య కట్ట ఇప్పటికి వందైందని చెప్పు.

నువ్వు కోపంగా రాసినా సరే, ఉత్తరం మాత్రం రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు
యాదయ్య